లెక్క కుదిరింది, మనిషి లేడు

విశాఖ స్టీల్ ప్లాంటులో షట్‌డౌన్ పనులు మొదలవుతున్నాయంటే గాజువాకలో ఫొటోలు తీసేవాళ్లకు తీరిక ఉండదు. కాంట్రాక్టరు తెచ్చిన ప్రతి మనిషికీ గేట్ పాస్ కావాలి, పాస్‌కి ఫొటో కావాలి. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రం 400 ఫొటోలు నా చేతికొచ్చాయి. తెల్లారేసరికి ముఖాలు కత్తిరించి ఇవ్వాలి. ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో చిన్న ప్రోగ్రాం రాసి ఫోల్డరంతా దానికి అప్పగించాను. టీ తాగి వచ్చేసరికి 400 ముఖాలు సిద్ధం. లెక్క చూసుకుని పడుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర ఒకాయన ఆగిపోయాడు. హెల్మెట్ నీడ కళ్లమీద పడడంతో ఆయన ముఖం ప్రోగ్రాంకి దొరకలేదు. ఇంకొకాయన చొక్కామీది సినిమా హీరోను మాత్రం అదనపు ముఖంగా కత్తిరించింది. ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది, లెక్క కుదిరింది. గేటు దగ్గర ఆగినాయనకు ఆ రోజు మస్టరు పోయింది. “మళ్లీ తీయించుకోమంటారా బాబూ?” అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

నేను వాడింది 2001లో పాల్ వయోలా, మైఖేల్ జోన్స్ ప్రకటించిన పద్ధతి. అది మనిషిని చూడదు, వెలుగునీడల తేడా చూస్తుంది. కళ్ల దగ్గర చీకటి, బుగ్గల మీద వెలుగు ఉండాలి. చిన్న చదరాన్ని ఫొటో అంతా జరుపుతూ, కాదనిపించిన చోటును చాలావరకు మొదటి పరీక్షల్లోనే వదిలేస్తుంది. దాని వేగంలో పెద్ద భాగం ఆ వదిలేయడంలోనే ఉంది. కాబట్టి మీ కళ్లు ఉండాల్సింది అది వదిలేసిన చోట. కొత్త పద్ధతులు మెరుగే, అయినా చూడక తప్పదు. జాయ్ బులామ్‌విని అనే పరిశోధకురాలు ఎంఐటీలో చదివేటప్పుడు ఆమె నల్లని ముఖాన్ని సాఫ్ట్‌వేర్ గుర్తించలేదు, తెల్ల మాస్కు పెట్టుకుంటే గుర్తించింది. ఎండలో పనిచేసే మనవాళ్ల ఫొటోలు చేతిలో ఉన్నప్పుడు ఇది మరవకండి.

ఇలాంటి పని మీకు పడితే ముందు పది ఫొటోలతో చూడండి. తేలికైనవి కాదు, గడ్డం, కళ్లజోడు, నీడ ఉన్నవి ఏరండి. ముఖం దొరకనివీ, రెండు దొరికినవీ వేరే ఫోల్డరులో పడేలా రాయండి. చదరం నుదుటి దగ్గరే ఆగిపోతుంది, జుట్టుకీ గడ్డానికీ చోటు కలపండి. అసలు ఫొటోలు ముట్టుకోవద్దు. చివర్లో పేర్ల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో ముఖం చూడండి. 400 ముఖాలకు అరగంట చాలు. ఆ అరగంట మీకు బరువనిపిస్తే గేటు బయట నిలబడ్డవాళ్లను తలచుకోండి.

రుషికొండలో కోడ్ రాస్తున్నా, పోర్టులో సరుకు లెక్క రాస్తున్నా “అయిపోయింది సార్” అనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎవరు లేరు?

గేటు దగ్గర ఆగినాయన ఫొటో ఆ మధ్యాహ్నమే మళ్లీ తీశాను. హెల్మెట్ తీయించి, ముఖం కిటికీవైపు తిప్పించాను. కత్తిరించింది చేత్తోనే.