మన జింక – పరాయి దేశంలో వేట

తెలంగాణ ఏర్పడినాక 2014లో మన రాష్ట్ర జంతువుగా జింకను ఎంచుకున్నారు. అంటే ఒంటినిండా తెల్లచుక్కలుండే జింక. దీనినే చుక్కల దుప్పి అని కూడా అంటారు. ఈ జింకను డబ్బు కట్టి సరదాకు వేటాడే దేశాలున్నాయని చదివితే నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు.

అక్కడికి అవి ఈదుకుంటూ పోలేదు కదా! మనుషులే ఓడలలో తీసుకుపోయారు. ఆస్ట్రేలియాలో చార్టర్స్ టవర్స్ ఊరికి ఉత్తరాన 1886లో కొన్నిటిని వదిలారు. హవాయి రాజుకు కానుకగా వచ్చినవాటిని 1868లో మొలొకాయి దీవిలో వదిలారు. మావి దీవిలోనైతే 1959లో వేట కోసమనే వదిలారు. అమెరికాలోని టెక్సాస్‌లో మన జింకతోపాటు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కూడా ఉంది. లైసెన్సు ఉండి, భూమి యజమానికి డబ్బు కడితే ఏడాది పొడుగునా కాల్చవచ్చు.

మన అడవిలో జింకను పెద్దపులి, చిరుత, రేసుకుక్కలు తింటాయి. హవాయిలో అవేవీ లేవు. అందుకని మందలు పెరిగిపోయాయి. గడ్డి, మొలకలు అన్నీ మేసేస్తే నేల బోసిపోతుంది. వాన పడితే ఆ మట్టి కొట్టుకుపోయి సముద్రంలో పగడపు దిబ్బల మీద పేరుకుంటుంది. రైతుల పంటలూ దక్కవు. కాబట్టి అక్కడ వేటగాడు పులి చేసే పనిలో కొంత చేస్తున్నాడు. ఈ మాట ఒప్పుకోవాలి.

కాని అంతటితో అయిపోలేదు. న్యూజిలాండ్ కొండలలో 1904లో హిమాలయాల తార్ అనే కొండమేకను వదిలారు. అది అక్కడి మొక్కలను తినేస్తుంటే 2020లో ప్రభుత్వం పెద్ద ఎత్తున చంపించబోయింది. అప్పుడు వద్దని కోర్టుకు పోయింది ఎవరనుకున్నారు? వేటగాళ్లే! వేటగానికి జంతువు తగ్గాలి, కాని అయిపోవద్దు. అయిపోతే రేపటి వేట ఏది?

మన దగ్గర మెదక్ జిల్లా పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో అభయారణ్యం చేశారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక జింకను చంపితే జైలే. మా తండా పెద్దలు, "దొరలు చంపితే షికారు, మనం ఆకలికి కుందేలును పడితే కేసా?" అంటారు. ఆ కోపం న్యాయమే అని నేనంటాను. అయినా చట్టం ఉండాల్సిందే. ఎందుకంటే ఇక్కడ జింక పులికి కూడు. జింకలు లేని అడవిలో పులి నిలవదు, ఊళ్ల పశువుల మీద పడుతుంది. హవాయిలో జింక ఎక్కువైతే నష్టం, మన దగ్గర తక్కువైతే నష్టం.