వృద్ధాప్యం వేరు, వ్యాధి వేరు

చలికాలం దాటిపోయినా దగ్గు వదలని పెద్దలు మన వరంగల్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎందరో ఉన్నారు. డాక్టరుకు చూపించారా అని అడిగితే ఇంట్లోవాళ్ల నుంచి తరచూ వినిపించే జవాబు ఒకటే: "వయసైపోయింది కదా, ముసలితనం దగ్గు. అల్లాహ్ తలిస్తే అదే తగ్గుతుంది." ఈ మాటలో అల్లాహ్‌పై నమ్మకం ఉన్నట్లే కనిపిస్తుంది. కాని దైవప్రవక్త (స) మనకు నేర్పిన నమ్మకం ఇదేనా?

హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. కొందరు ఎడారి అరబ్బులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తాము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగారు. చేయించుకోమని ఆయన (స) ఆదేశించారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందును సృష్టించాడని, ఒక్కదానికి మాత్రమే మందు లేదని తెలిపారు. ఆ ఒక్కటీ ఏమిటని అడిగితే, వృద్ధాప్యమని బదులిచ్చారు.

ఈ హదీసును మనం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. మందు లేనిది వృద్ధాప్యానికే గాని, వృద్ధాప్యంలో వచ్చే వ్యాధులకు కాదు. జుట్టు నెరవడం, నడక నెమ్మదించడం వయసు లక్షణాలు. వారాల తరబడి దగ్గు, తెమడ, ఆయాసం, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గిపోవడం వ్యాధి లక్షణాలు. వ్యాధికి వయసు పేరు పెట్టి ఊరుకుంటే, అల్లాహ్ ప్రసాదించిన మందును మన చేతులతో మనమే దూరం చేసుకున్నవాళ్లమవుతాం.

దుఆ, వైద్యం రెండూ కావాలి

హజ్రత్ సఅద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా పరామర్శకు వెళ్లారు. ఆయన ఛాతీపై తమ శుభహస్తం ఉంచారు. అంతటితో ఊరుకోలేదు. సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్లమని చెప్పారు. ఈ సంఘటన అబూదావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) చేతి స్పర్శ లభించిన వ్యక్తినే వైద్యుని వద్దకు పంపారంటే, మన పెద్దలను ఇంట్లో కూర్చోబెట్టడానికి మనకేం సాకు మిగిలింది? స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్‌యే. వైద్యుడు, మందు అందుకు సాధనాలు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధ ఇక్కడా వర్తిస్తుంది.

ఒకే దగ్గు, ఎన్నో కారణాలు

రెండు వారాలు దాటిన దగ్గు ఏ వయసువారికి వచ్చినా తెమడ పరీక్ష చేయించాలి. ఎందుకంటే అది క్షయ (టీబీ) కావచ్చు. షుగరు ఉన్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. వృద్ధులలో జ్వరం గాని, తెమడలో రక్తం గాని కనిపించకుండా కేవలం ఆకలి మందగించి నీరసపడిపోవడం కూడా క్షయకు గుర్తు కావచ్చు.

ప్రతి దగ్గూ క్షయ కాదు. ఏళ్ల తరబడి బీడీ కాల్చినవారికి, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన తల్లులకు ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకై ఆయాసంతో కూడిన దగ్గు పట్టుకుంటుంది. మన ఊళ్లో 1934లో మొదలై 2002లో మూతపడిన ఆజంజాహీ మిల్లులో పనిచేసినవారు నేడు వృద్ధులు. పత్తి దుమ్మును ఏళ్లపాటు పీల్చిన ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు ప్రత్యేకంగా ఒకటుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి బస్తాలు మోసినవారు సైతం ఆ దుమ్ము సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. బీపీకి ఇచ్చే కొన్ని రకాల మాత్రల వల్ల పొడిదగ్గు వస్తుంది. గుండె బలహీనపడితే పడుకోగానే దగ్గు, ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా దగ్గుతోనే బయటపడవచ్చు. ఇన్ని కారణాలున్న దగ్గుకు మెడికల్ షాపులో కొన్న ఒక్క సిరప్పు ఎలా సరిపోతుంది? తెలియని విషయాన్ని తెలిసినవారిని అడగమని దివ్యఖుర్ఆన్ మనకు నేర్పుతోంది (16:43).

డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు

దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, తెమడ ఏ రంగులో వస్తోంది, బరువు తగ్గారా, ఇంతకుముందు ఏ పని చేశారు, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా అన్న వివరాలు గుర్తుపెట్టుకోండి. వాడుతున్న మాత్రలన్నీ, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. తెమడ పరీక్షకు ఉమ్మి పనికిరాదు. నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, ఛాతీ లోతు నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. ఎం.జి.ఎం. వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స సాగినన్నాళ్లు పోషకాహారం కోసం ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు చేసింది.

సాధారణ క్షయకు మందులు కనీసం 6 నెలలు వాడాలి. రెండు నెలలకే ఒళ్లు తేలికపడిందని ఆపేస్తే జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది.

కూర్చున్నచోటే ఊపిరి ఆడకపోవడం, పెదవులు నీలం రంగుకు మారడం, రక్తం పడటం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి మాట తడబడటం లేక మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వృద్ధులకు న్యుమోనియా ఒక్కోసారి జ్వరం లేకుండానే వస్తుంది.

తేనెలో స్వస్థత ఉందని దివ్యఖుర్ఆన్ తెలిపింది (16:69). దగ్గుతున్నవారికి తేనె ఇవ్వవచ్చు, షుగరు ఉంటే మాత్రం డాక్టరును అడిగి ఇవ్వాలి. అయితే తేనె ఇచ్చాం కదా అని పరీక్షను వాయిదా వేయరాదు.

దాచడం వల్ల ఎవరికి మేలు?

కొన్ని ఇళ్లలో క్షయ అన్న మాట బయటకు పొక్కితే ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని దాచిపెడతారు. నానీమా దగ్గు దాచినంతకాలం అది ఆమె ఒడిలో ఆడుకునే మనుమల ఊపిరితిత్తుల్లోకి చేరుతూనే ఉంటుంది. ఒకరికి హాని కలిగించరాదన్నది ధర్మసూత్రం. క్షయ పాపమూ కాదు, శాపమూ కాదు. నయమయ్యే జబ్బు. ఇంట్లో ఒకరికి క్షయ తేలితే మిగతావారికీ పరీక్షలు, అవసరమైతే ముందుజాగ్రత్త మందులు ఇస్తారు. దైవప్రవక్త (స) తుమ్మినప్పుడు చేతితోనో వస్త్రంతోనో ముఖాన్ని కప్పుకునేవారు. దగ్గేవారు కూడా ఈ పద్ధతి పాటించాలి. అంటువ్యాధి అని తేలినవారు డాక్టరు చెప్పేవరకు మస్జిదుకు వెళ్లకుండా ఇంట్లోనే నమాజు చేసుకోవాలి.

ఆయాసంతో నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. రోగికి ఉపవాసం విషయంలోనూ సడలింపు ఉంది. మన ధర్మం రోగిని కష్టపెట్టదు. మన అశ్రద్ధే వారిని కష్టపెడుతోంది.

సోదర సోదరీమణులారా! తల్లిదండ్రులు మన వద్ద వృద్ధాప్యానికి చేరుకుంటే వారిపట్ల విసుగు చూపరాదని, వినయంతో మెలగాలని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (17:23-24). "పైసలు దండగ, నాకేం కాలేదు" అని అబ్బాజాన్ అంటారు. ఆ మాట వెనుక పిల్లలకు భారం కారాదన్న ఆరాటమే ఉంటుంది. రాత్రి పక్క గదిలోంచి వినిపించే దగ్గుకు మనం విసుక్కోకపోవడం ఒక్కటే సరిపోదు. తెల్లవారగానే ఆయన చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, వరుసలో ఆయన బదులు మనం నిలబడటం కూడా ఆ ఆజ్ఞను పాటించడమే.

అల్లాహ్ మన పెద్దలందరికీ స్వస్థతను, వారికి సేవ చేసే భాగ్యాన్ని మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.