కాన్వెంట్ స్కూల్లో మన పిల్లల భక్తి: ప్రహ్లాదుడి బడి నేర్పే పాఠం



ఈ వారం వీడియోలో ప్రహ్లాదుడి చదువు గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మా సిద్దిపేటలో పిల్లల్ని బడిలో వేసే టైమ్‌కి చాలా ఇళ్లలో ఈ మాట వస్తుంది: "కాన్వెంట్‌ల చదువు మంచిగుంటది గానీ, ఆడ రోజూ యేసు ప్రార్థన చెప్పిస్తరట. పిలగాడు మన దేవుణ్ని మర్చిపోతడేమో?"

నేను పదో తరగతి దాకా ఇక్కడి ఒక క్యాథలిక్ స్కూల్లోనే చదువుకున్నాను. ఇప్పుడు మీతో కలిసి భాగవతం చదువుకుంటున్నాను. అందుకే ఈ ప్రశ్నకు భయపడకుండా, అలాగని తేలిగ్గా తీసిపారేయకుండా జవాబు వెతుకుదాం.

అక్కడ జరిగేవి మూడు వేర్వేరు సంగతులు

మొదటిది ఉదయం అసెంబ్లీ ప్రార్థన. స్కూల్ మొత్తం ఉంటుంది. మా స్కూల్లో ఒక ప్రార్థన, ఒక పాట, ప్రతిజ్ఞ, జాతీయగీతం ఉండేవి.

రెండోది మోరల్ సైన్స్ క్లాసు. ఈ మధ్య వాల్యూ ఎడ్యుకేషన్ అంటున్నారు. నిజం చెప్పడం, పెద్దల్ని గౌరవించడం, ఉన్నది పంచుకోవడం లాంటి పాఠాలు. ఇది అందరికీ.

మూడోది సత్యోపదేశం. ఇది క్యాథలిక్ కుటుంబాల పిల్లల కోసం. ఆ పీరియడ్‌లో వాళ్లు సిస్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు, మేం మోరల్ సైన్స్‌కి కూర్చునేవాళ్లం. వాళ్ల మత విద్య అసలు జరిగేది ఇక్కడే. పది ఆజ్ఞలు, ప్రార్థనలు, ఏడు సంస్కారాలు, క్రీస్తు జీవితం ఒక క్రమంలో చెప్తారు. చిన్నప్పుడే ప్రథమ సత్ప్రసాదం తీసుకోవాలంటే ముందు ఇది నేర్చుకోవాలి. ఆ తర్వాత భద్రమైన అభ్యంగనానికి మళ్లీ తయారీ ఉంటుంది. అర్థం తెలియకుండా ఈ రెండు సంస్కారాలు ఇవ్వకూడదన్నది వాళ్ల పద్ధతి.

వాళ్ల మాటలు వింటే మనకు ఆశ్చర్యం వేస్తుంది. జపమాల, విభూది బుధవారం, తపస్సు కాలం అంటారు. ఈస్టర్‌కి ముందు వచ్చే ఆ తపస్సు కాలం నలభై రోజులు. మన మండల దీక్ష నలభై ఒక్క రోజులు. సిద్ధాంతాలు వేరు, అందులో సందేహం లేదు. కానీ నియమం పెట్టుకుని మనసును అదుపులో పెట్టాలన్న ఆలోచన రెండు చోట్లా ఉంది.

ఇంకో చిన్న సంగతి. మన దగ్గర చాలామంది మెదక్ చర్చిని, క్యాథలిక్ స్కూల్‌ని ఒకే సంస్థ అనుకుంటారు. 1924లో పూర్తయిన మెదక్ చర్చి ఇప్పుడు సీఎస్ఐ వాళ్లది, అది ప్రొటెస్టెంట్ శాఖ. క్యాథలిక్కులు రోమ్‌లోని పోప్‌ని అనుసరిస్తారు. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

చట్టం ఎవరి చేతిలో ఏం పెట్టింది?

రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి స్కూల్లో శిలువ ఉండటం, మరియమ్మ విగ్రహం ఉండటం తప్పేమీ కాదు. అదే రాజ్యాంగం 28వ అధికరణ మూడో క్లాజులో ఇంకో మాట చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో గానీ, ప్రభుత్వ సాయం తీసుకునే స్కూల్లో గానీ ఏ విద్యార్థినీ మత బోధనలో, ఆరాధనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

అంటే నిర్ణయం ఇంటివాళ్ల చేతిలోనే ఉంది! చాలామందికి ఈ విషయమే తెలియదు.

చర్చి కూడా ఇదే మాట అంటోంది. భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2024 ఏప్రిల్ మొదట్లో తమ స్కూళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించాలని, వీలైతే అన్ని మతాల వారికీ ఒక ప్రార్థన గది పెట్టాలని అందులో ఉంది.

కన్నెపల్లిలో ఏం జరిగింది?

అదే నెలలో మన తెలంగాణలోనే బాధ కలిగించే ఘటన జరిగింది. మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట దగ్గర కన్నెపల్లిలో ఒక క్యాథలిక్ స్కూల్‌కి కొందరు పిల్లలు హనుమాన్ దీక్షా వస్త్రాల్లో వచ్చారు. యూనిఫాం బదులు ఆ బట్టలు ఎందుకని స్కూల్ అడగడంతో గొడవ మొదలైంది. ఒక గుంపు లోపలికి చొచ్చుకొచ్చి కిటికీలు పగలగొట్టింది. అక్కడున్న మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు వేసింది. స్కూల్ వాళ్ల మీద కూడా కేసు పెట్టారు.

దీక్ష అంటే ఏంటో మనకు తెలుసు. నేల మీద పడుకోవడం, ఒంటిపూట భోజనం, కోపం రాకుండా చూసుకోవడం. మాల వేసుకున్నవాడిని స్వామి అని పిలుస్తాం, ఎదుటివాడిలో కూడా స్వామిని చూడమంటాం. మరి అలాంటి దీక్ష పేరు మీద రాయి విసిరితే ఆ దీక్షకు ఏం మిగిలింది? దీక్ష మొదలయ్యే ముందే తల్లిదండ్రులు స్కూల్‌కి వెళ్లి, ఇన్ని రోజులు ఈ బట్టల్లో వస్తాడు అని ఒక ఉత్తరం ఇచ్చి మాట్లాడుకుంటే చాలావరకు సమస్యే రాదు. స్కూళ్లు కూడా దీక్షను క్రమశిక్షణ తప్పడంగా చూడకూడదు. అది పిల్లవాడికి ప్రాణంతో సమానం.

ఇప్పుడు ప్రహ్లాదుడి దగ్గరికి వద్దాం

క్యాథలిక్ స్కూల్‌ని హిరణ్యకశిపుడి బడితో పోల్చడం నా ఉద్దేశం కాదు. చూడాల్సింది పిల్లవాడిని. చండామార్కులు చెప్పిన ప్రతి పాఠం ప్రహ్లాదుడు శ్రద్ధగా నేర్చుకున్నాడు. గురువుల్ని ఒక్క మాట తూలనాడలేదు, బడి మానలేదు. ఆటల సమయంలో తోటి పిల్లలకు తన నమ్మకం గురించి ప్రేమగా చెప్పాడు. తండ్రి అడిగితే భయం లేకుండా, మర్యాద తప్పకుండా జవాబిచ్చాడు.

ఆ ధైర్యం ఎక్కడిది? తల్లి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడు. బడికి వెళ్లకముందే అతనికి పునాది పడింది.

మరి మన ఇంటి సంగతి చూడండి. వర్గల్ వెళ్లి సరస్వతమ్మ దగ్గర అక్షరాభ్యాసం చేయిస్తాం. సంక్రాంతి తర్వాత కొమురవెల్లి జాతరకు తీసుకెళ్తాం. మల్లన్న ఎవరు, పట్నం ఎందుకు వేస్తారు అని పిల్లవాడు అడిగితే మాత్రం "నీకెందుకు, దండం పెట్టు" అంటాం! పక్క బెంచీలోని క్యాథలిక్ పిల్లకు ఏడాదంతా క్రమంగా చెప్పేవాళ్లున్నారు. మన పిల్లవాడికి పండుగ రోజు ప్రసాదం మాత్రమే ఉంది. అసెంబ్లీలో పాడే ఒక్క పాటతో భక్తి కొట్టుకుపోయిందంటే, లోపం పాటలో లేదు. లోపల ఏమీ నింపకపోవడం వల్ల అలా జరిగింది.

ఇంట్లో చేయగలిగినవి

వారానికి ఒక్క గంట పెట్టుకోండి. ఆదివారం పొద్దున అయితే మంచిది. ఒక కథ, ఒక శ్లోకం దాని అర్థంతో, పిల్లలు అడిగే ఒక ప్రశ్న. నచికేతుడు యముణ్నే అడిగాడు, మన పిల్లలు మనల్ని అడిగితే తప్పేంటి? జవాబు తెలియకపోతే కలిసి వెతకండి.

స్కూల్లో చేర్పించేటప్పుడే అసెంబ్లీలో ఏముంటుంది, మోరల్ సైన్స్‌లో ఏ పుస్తకం అని అడగండి. ఏదైనా ఇష్టం లేకపోతే రాతపూర్వకంగా, గౌరవంగా చెప్పండి.

ప్రార్థన పలకడం ఇష్టం లేని పిల్లవాడు నిశ్శబ్దంగా, గౌరవంగా నిలబడితే చాలని నేర్పండి. 1986లో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసులో ఇలాంటి తీర్పే ఇచ్చింది. వాళ్లు యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు. జాతీయగీతం పాడకపోయినా గౌరవంగా లేచి నిలబడ్డారు. వాళ్లను స్కూల్ నుంచి తీసేయడం తప్పని కోర్టు చెప్పింది. అది ప్రార్థన కేసు కాకపోయినా, పిల్లల అంతరాత్మకు విలువ ఉందని తేల్చిన కేసు.

చివరిగా, పక్క బెంచీలోని స్నేహితురాలు జపమాల ఎందుకు తిప్పుతుందో మీ పాపను అడిగి తెలుసుకోమనండి. తర్వాత మన ఇంట్లో ఉన్న తులసిమాల గురించి ఆ స్నేహితురాలికి చెప్పమనండి. చెప్పాలంటే ముందు మీ పాపకు తెలియాలి. ఆ పని మనది.

వచ్చే వారం గజేంద్ర మోక్షంతో కలుద్దాం. జై శ్రీ లక్ష్మీనరసింహ!