‘అయింది’, ‘చేశారు’ మాటల చాటున ఉన్న భూతకాలం



మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లికి ఎగువన 815.6 మెగావాట్ల సామర్థ్యంతో నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం ఉండగా, ఆ ఊరున్న దామరచర్ల మండలంలోనే వీర్లపాలెం వద్ద ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. ఇటువంటి చోట పెరిగిన విద్యుత్ ఇంజనీరింగ్ విద్యార్థికి టర్బైన్, బ్రేకర్, ఫీడర్ వంటి మాటలు చిన్ననాటి నుంచీ చెవిన పడినవే. అయినా ఆ మాటలతోనే నిన్న జరిగిన సంగతిని ఇంగ్లీషులో రాయవలసి వస్తే అతని కలం తడబడుతుంది. ఆ తడబాటుకు మూలం తెలివితక్కువతనంలో కాక, తెలుగు వాక్యపు కట్టుబడిలో ఉంది.

తెలుగు పరభాషా క్రియను తెచ్చుకునేటప్పుడు దాని మూలరూపాన్ని మాత్రమే తీసుకొని, ‘అగు’, ‘చేయు’ అనే సొంత క్రియలను దానికి జోడిస్తుంది. ‘ఫీడర్ ట్రిప్ అయింది’, ‘మోటారు టెస్ట్ చేశారు’, ‘లైన్ చార్జ్ చేస్తారు’ అన్న వాక్యాలలో కాలాన్ని మోసేది తెలుగు క్రియే గనుక, ట్రిప్, టెస్ట్, చార్జ్ అనే మాటలు ఏ కాలంలోనైనా మార్పు లేకుండా నిలిచిపోతాయి. వందల సాంకేతిక పదాలు వచ్చిన విద్యార్థికి సైతం వాటి భూతకాల రూపాలు రాకపోవడానికి ఇదే కారణం. కాబట్టి అతడు కొత్త మాటల కోసం వెతకడానికి ముందు, తెలిసిన ప్రతి క్రియనూ దాని మూడు రూపాలతో కలిపి నేర్చుకోవడం మేలు.

క్రమక్రియలు, అంటే చివర ‘ఈడీ’ చేరేవి, రాతలో ఒకే తీరుగా కనిపించినా పలుకుబడిలో మూడు విధాలు: ట్రిప్ ‘ట్రిప్ట్’గా, చార్జ్ ‘చార్జ్‌డ్’గా, టెస్ట్ ‘టెస్టిడ్’గా వినిపిస్తాయి. అపక్రమక్రియలలో మాటే మారిపోతుంది. ఫ్యూజు ఎగిరిపోవడాన్ని తెలిపే ‘బ్లో’ అనే క్రియ ‘బ్లూ’, ‘బ్లోన్’ అవుతుంది. తీగ చుట్టడాన్ని తెలిపే ‘వైండ్’ అనే క్రియ ‘వౌండ్’ అవుతుంది. గాయమనే అర్థమున్న ‘వూండ్’కూ దీనికీ అక్షరాలు ఒక్కటే గనుక సందర్భాన్ని చూసి పలకాలి.

తెలుగులో ‘ట్రిప్ అయింది’ అన్న ఒక్క మాట మూడు సందర్భాలకు సరిపోతుంది గాని, ఇంగ్లీషు వాటిని వేరుచేసి చెబుతుంది. గడిచిన సమయాన్ని పేర్కొంటే ‘ట్రిప్ట్’ అనీ, ఆ స్థితి ఇప్పటికీ కొనసాగుతుంటే ‘హ్యాజ్ ట్రిప్ట్’ అనీ, గతంలోని మరో సంఘటనకు ముందే జరిగి ఉంటే ‘హ్యాడ్ ట్రిప్ట్’ అనీ రాయాలి. ఉదాహరణకు, 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. తేదీ ఉంది గనుక అది సాధారణ భూతకాలం. అప్పటికి దక్షిణాది గ్రిడ్ దానితో సమకాలికంగా, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ లయలో, కలిసి ఉండలేదు. ఆ ‘అప్పటికి’ అన్న భావానికే ‘హ్యాడ్’ కావాలి. రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైన్ ద్వారా 2013 డిసెంబరు 31న దక్షిణాది కలిసింది. నాటి నుంచి నేటి దాకా కలిసే నడుస్తోందని చెప్పడానికి ‘హ్యాజ్’ కావాలి.

జరుగుతూ ఉన్న పనికి మరో రూపం ఉంది. వాడపల్లి నరసింహస్వామి గుడిలోని రెండు దీపాలలో ఒకటి నిశ్చలంగా ఉంటే మరొకటి స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసాలకు రెపరెపలాడుతుందని భక్తులు నమ్ముతారు. ఆ రెపరెపనే ఇంగ్లీషులో ‘ఫ్లికర్’ అంటారు. వోల్టేజి హెచ్చుతగ్గులతో బల్బు వెలుగు వణకడానికి ఇంజనీరింగులోనూ అదే పేరు. బ్రేకర్ పడిన క్షణంలో దీపాలు వణుకుతూ ఉన్నాయనడానికి ‘వర్ ఫ్లికరింగ్’ అని రాస్తారు.

కర్త పేరెత్తకుండా తెలుగువారు ‘టెస్ట్ చేశారు’ అనే చోట, ఇంగ్లీషు నివేదిక ‘వాజ్ టెస్టిడ్’ అనే కర్మణి రూపాన్ని కోరుతుంది. పదాల అర్థంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. ఊరివారి ‘కరెంటు పోయింది’లో కరెంటు అంటే సరఫరా, పాఠంలో మాత్రం అది ఆంపియర్లలో కొలిచే విద్యుత్ ప్రవాహం. అందువల్ల ఆ మాటను యథాతథంగా దింపక, సప్లై ‘ఫెయిల్డ్’ అని రాయాలి.

స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే అనుమతిని లైన్ క్లియర్ అంటారు. పని ముగిశాక దాన్ని తిరిగి ఇచ్చేదాకా ఆ లైన్‌లో సరఫరా వదలరాదు. లైన్‌ను ‘ఉదయం ఎర్త్ చేశారు’ (భూమికి కలిపారు) అనడానికీ, ‘ఎర్త్ చేసి ఉంది’ అనడానికీ నడుమ ఉన్న తేడా, ఇంగ్లీషు లాగ్‌బుక్‌లో ‘వాజ్’కూ ‘హ్యాజ్ బీన్’కూ నడుమ ఉన్న తేడాయే. రాత్రి డ్యూటీ ఇంజనీరు రాసిన వాక్యాన్ని నమ్మి మరునాటి పొద్దున ఒక మనిషి తీగను ముట్టుకుంటాడు. కనుక విద్యార్థి ప్రతి సాయంత్రం ఆనాడు ప్రయోగశాలలో చూసినదాన్ని, వేళతో సహా, ఐదు వాక్యాలలో రాసి, ప్రతి క్రియ కిందా గీత గీసి, ఆ స్థితి ముగిసిందా, ఇంకా ఉందా అని ప్రశ్నించుకోవాలి.