కవుల ఖర్చు పద్దు

మా ఊరి సాహితీ సంస్థకు కోశాధికారిగా చాలాకాలం చందా పుస్తకం పట్టుకు తిరిగినవాణ్ణి. కవులు తోటి కవుల కోసం జేబులో చెయ్యి పెడతారా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసినంత చెబుతాను.

1. కవి పిసినారి కాడు. పీఎఫ్ లోను తీసి, ఇంట్లో గాజులు కుదువపెట్టి పుస్తకం వేసుకున్నవాళ్లను చూశాను. డీటీపీ, కాగితం, హాలు అద్దె, ముఖ్య అతిథికి రానుపోను టికెట్, శాలువా, జ్ఞాపిక, వచ్చినవాళ్లకు టిఫిన్... అన్నీ సొంత ఖర్చే. అందులో పక్కనున్న కవికి దక్కేది ఒక ఉచిత ప్రతి. ఆయన వంతు వచ్చినప్పుడు ఆయనా అంతే చేస్తాడు. ఊళ్లో ఏటా ఇంత డబ్బు కదులుతున్నా సంస్థ ఖాతాలో కరెంటు బిల్లుకు సరిపడా ఉండదు.

2. "సంతకం పెట్టి ఇవ్వండి గురువుగారూ" అన్నవాడికి పుస్తకం ఇస్తూనే "వెల నూటయాభై నాన్నా" అనడం నేర్చుకోవాలి. మొదట్లో నోరు రాదు. సమీక్షకు పంపే ప్రతుల సంగతి వేరు. షాపులో పెడితే వెలలో పెద్ద ముక్క కమీషన్‌కే పోతుంది, మిగిలింది వసూలయ్యేసరికి మన రెండో పుస్తకం అచ్చవుతుంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. ఆయనకు లేని మొహమాటం మనకెందుకు?

3. పెళ్లిలో చదివింపులు రాసి పెట్టుకుని, ఇచ్చినవాళ్లింట్లో శుభకార్యానికి కాస్త కలిపి తిరిగిస్తాం. మా సంస్థలో పుస్తకాలకూ ఆ పద్ధతే పెట్టాం. సభ్యుల్లో ఎవరి పుస్తకం వచ్చినా మిగతావాళ్లంతా తలో కాపీ కొనాలి. గొణిగారు. వెయ్యి కాపీల రోజులు పోయి మూడు వందలు వేయడమే గగనమైన కాలంలో, యాభైమంది కొన్నా ప్రెస్సు బాకీలో కొంత తీరుతుంది. నచ్చకపోయినా కొనాలా అని ఒకాయన నిలదీశాడు. కొను, చదువు, నచ్చలేదని రాయి అన్నాను. రాశాడు కూడా. ఆ సమీక్ష వల్ల మరికొన్ని కాపీలు అమ్ముడుపోయాయి.

4. చిన్న పత్రికకు జీవిత చందా పెద్ద ఉచ్చు. వసూలైన సొమ్ము నాలుగు సంచికల కాగితానికి హరించుకుపోతుంది. ఆ తర్వాత ఊరికే పంపాల్సిన చిరునామాలు మిగులుతాయి. తీసుకుంటే బ్యాంకులో డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడాలి, ఆ నిగ్రహం లేకపోతే ఏడాది చందా మేలు. కవులు కవితలు పంపినంత ఉదారంగా చందాలు పంపరు. 1924లో పుట్టిన 'భారతి' వెనక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనం రాబడి ఉంది. ఆ పత్రికను తలనొప్పి మందు పోషిస్తే, మన పత్రికలు సంపాదకుడికి తలనొప్పి తెచ్చిపెడుతున్నాయి.

5. అలాగని కవులు కవులకు పెట్టలేదనకండి. కుందుర్తి ఆంజనేయులు ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి, వచన కవితా సంపుటాలకు అవార్డు ఇచ్చారు. ఆయన 1982లో పోయాక ఆ పని ఆగిపోకుండా శీలా వీర్రాజు చూసుకున్నారు. వీర్రాజుగారు చిత్రకారుడు కూడా; ఎందరి పుస్తకాలకో ముఖచిత్రాలు వేశారు. బొమ్మ వేసిపెట్టడం, ప్రూఫులు దిద్దిపెట్టడం కూడా డబ్బు పెట్టడమే, పద్దులో కనపడదు గానీ. అనంతపురంలో రాధేయ 1988 నుంచి ఉమ్మడిశెట్టి అవార్డు నడిపారు. ఏటా వచ్చిన సంపుటాలు తెప్పించుకుని చదివించి ఒకదాన్ని ఎంచడమంటే, చెక్కు రాయడం అందులో అన్నిటికన్నా చిన్న పని.

6. పేజీకింతని తీసుకుని వేసే సంకలనాలను నేను తప్పుపట్టను, రసీదూ లెక్కా చూపిస్తే. డబ్బు కట్టించుకుని బిరుదు ఇచ్చేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వొద్దు.

7. కవి ఎవరైనా ఆసుపత్రి పాలైతే సభ పెట్టి విజ్ఞప్తి చేయకండి. చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎంత కావాలో, ఎప్పటికి కావాలో చెప్పాలి. ఆసుపత్రి బిల్లు కట్టేవరకూ డబ్బు ఆ ఇంటివాళ్ల ఖాతాలోకే నేరుగా వేయించండి. ఇప్పుడు ఫోన్‌పే ఉంది, నా చందా పుస్తకం అవసరం తీరింది.