మౌనం నేరం కాదు

ప్రశ్న: ఉట్నూరు దగ్గర రెండో తరగతి చెబుతున్నాను. ఆరుగురు గోండు పిల్లలున్నారు. పెన్సిల్ పోయిందంటే మిగతావాళ్లు వాళ్లనే చూపిస్తారు. నేనడిగితే తలదించుకుంటారు. అబద్ధం అలవాటవుతోందా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మేడమ్, అలా తలదించుకోవడాన్ని నేరాంగీకారంగా చదవకండి. జరిగింది చెప్పుకోవడానికి 'ఎవరు', 'ఎప్పుడు', 'ఎందుకు' అన్నీ కావాలి. ఏడేళ్ల పిల్లకు అవి గోండిలో ఉన్నాయి, తెలుగులో ఇంకా లేవు. భయంలో ఉన్న కాస్త తెలుగూ ఎగిరిపోతుంది. (పరాయి ఊరి పోలీస్ స్టేషన్లో మనకూ అంతేగా!) అసలు చిక్కు ఆ ఆరుగురిది కాదు, వేలు చూపిస్తున్నవాళ్లది. మాట రానివాడి మీద నింద వేస్తే చెల్లుతుందని వాళ్లు నేర్చుకుంటున్నారు.

ఈసారి తగువు వస్తే, పై తరగతిలో రెండు భాషలూ వచ్చిన పిల్లను పిలిచి, ముందు గోండిలో చెప్పించండి. తెలుగు పిల్లలు తమ వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే వాళ్లకు పాఠం. రోజుకో గోండి మాట బోర్డు మీద తెలుగు లిపిలో రాయండి. నీళ్లను వాళ్లు 'ఏర్' అంటారు, మన ఏరు గుర్తొస్తుంది. ఆ పూట గురువులు ఆ ఆరుగురే. మీరు తప్పు పలికితే నవ్వనివ్వండి.

పిల్లల ఇంటిభాషను బడిలోకి తేవడం కొత్త సంగతేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే గోండి, కొలామీ, కోయ సహా 8 భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. అప్పటి వాచకాలు మీ బడి బీరువాలో ఉన్నాయేమో వెతకండి.