ఢిల్లీలో టీచర్ కావాలంటే: తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు

పెళ్లయ్యాక ద్వారకాకో నోయిడాకో వచ్చి, పిల్లలు స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాక తామూ స్కూల్లో చేరదామనుకునే తెలుగువాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఐటీ ఉద్యోగం వదిలేసి పాఠాలు చెప్పుకుందామనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లు అడిగే ప్రశ్నలూ జవాబులూ ఇవి.

బీఈడీ పూర్తిచేస్తే యూనివర్సిటీయే టీచింగ్ లైసెన్స్ ఇస్తుందా?

ఇవ్వదు. అసలు మన దేశంలో టీచరుకు లైసెన్స్ అనే కాగితమే లేదు. అమెరికాలో ఉన్న అక్కో వదినో యూనివర్సిటీ కోర్సు చేసి, రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్స్ తెచ్చుకున్నానని చెప్పి ఉంటారు. ఇక్కడ ఆ పని మూడు చోట్ల జరుగుతుంది. కాలేజీలోని కోర్సుకు గుర్తింపు ఇచ్చేది ఎన్‌సీటీఈ, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. 1993 చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ ఆఫీసు ద్వారకాలోనే ఉంది. పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పాలంటే వీటికి తోడు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవ్వాలి. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ కింద 2010 ఆగస్టు 23న వచ్చిన నోటిఫికేషన్ దీన్ని తప్పనిసరి చేసింది. ఈ మూడూ ఉన్నా మీకు వచ్చేది అర్హత మాత్రమే, ఉద్యోగం కోసం మళ్లీ పోటీ పడాల్సిందే.

ఏ కోర్సులో చేరాలి?

ముందు ఏ తరగతులకు చెప్పాలనుకుంటున్నారో తేల్చుకోండి, కోర్సు సంగతి ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. సీటు దొరికిందని బీఈడీలో చేరిపోయి, రెండేళ్ల తర్వాత ప్రైమరీ పోస్టులకు పనికిరామని తెలుసుకుంటారు.

మన డీఎస్సీ భాషలో చెప్పుకుంటే, ఇక్కడ పీఆర్‌టీ అంటే దాదాపు మన ఎస్జీటీ, ఒకటి నుంచి ఐదు వరకు. టీజీటీ అంటే స్కూల్ అసిస్టెంట్, ఆరు నుంచి పది వరకు. పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పేవాళ్లు పీజీటీలు. మన దగ్గర జూనియర్ లెక్చరర్ చేసే పని ఇక్కడ స్కూల్లోనే ఉంటుంది.

పీఆర్‌టీకి డీఈఎల్‌ఈడీ (మనవాళ్లు ఇంకా టీటీసీ అనే అంటారు) లేదా నాలుగేళ్ల బీఈఎల్‌ఈడీ లాంటి ప్రాథమిక విద్య కోర్సు చేసి ఉండాలి. బీఈడీవాళ్లు కూడా ప్రైమరీకి అర్హులేనని 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రాజస్థాన్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. దేవేశ్ శర్మ కేసులో 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు 2024లో కొంత రక్షణ దొరికింది. కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం బీఈడీతో ప్రైమరీ తలుపు మూసుకుపోయినట్టే. ‘బీఈడీ చేస్తే ఏ తరగతికైనా చెప్పొచ్చు’ అని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది పాతమాట.

టీజీటీకి డిగ్రీ, బీఈడీ, టెట్ కావాలి. పీజీటీకి పీజీ, బీఈడీ చాలు, ఢిల్లీలో దానికి సీటెట్ (కేంద్ర టెట్) అడగరు.

ఇంటర్ పాసైన పిల్లలకైతే నాలుగేళ్ల సమీకృత కోర్సు ఐటీఈపీ ఉంది. డిగ్రీ, బీఈడీ కలిసే వస్తాయి. ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ, పెట్టేది ఎన్‌టీఏ.

నేను బీటెక్. బీఈడీ చేసి మ్యాథ్స్ టీచర్ కావొచ్చా?

బీఈడీలో సీటు రావొచ్చు. మామూలు డిగ్రీకి 50 శాతం అడిగే చోట, సైన్స్, గణితం ప్రధానంగా ఉన్న ఇంజినీరింగ్ డిగ్రీకి 55 శాతం ఉండాలన్నది ఎన్‌సీటీఈ 2014 నిబంధన. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ప్రభుత్వ స్కూళ్ల టీజీటీ నోటిఫికేషన్లు డిగ్రీలో గణితాన్ని ఒక సబ్జెక్టుగా ఏళ్లతరబడి చదివారా అని చూస్తాయి. బీటెక్‌లో ఎం-1, ఎం-2 చదివానంటే సరిపోకపోవచ్చు. ప్రైవేటు స్కూళ్లు కొంత ఉదారంగా ఉంటాయి. కేంద్రీయ విద్యాలయమో ఢిల్లీ ప్రభుత్వమో మీ లక్ష్యమైతే, ఫీజు కట్టేముందే పాత నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హతల పేరా చదవండి. బీఈడీలో తీసుకునే మెథడాలజీ కూడా డిగ్రీ సబ్జెక్టుతో కలవాలి.

ఢిల్లీలో ఎక్కడ చదవొచ్చు?

ఢిల్లీ యూనివర్సిటీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ 1947 డిసెంబరులో మొదలైంది. అందరూ సీఐఈ అంటారు. బీఈడీ ప్రవేశం సీయూఈటీ పీజీ ద్వారా. బీఈఎల్‌ఈడీ కోర్సును రూపొందించి 1994లో ప్రారంభించింది ఈ యూనివర్సిటీయే. జామియా మిల్లియా ఇస్లామియా ఉంది. ద్వారకాలోని ఇంద్రప్రస్థ యూనివర్సిటీకి అనుబంధంగా చాలా ప్రైవేటు బీఈడీ కాలేజీలున్నాయి. వాటిలో 85 శాతం సీట్లు ఢిల్లీ అభ్యర్థులవి. ఢిల్లీ అభ్యర్థి అంటే ఢిల్లీలో కాపురం ఉన్నవారు కాదు, అర్హత పరీక్ష ఢిల్లీ సంస్థ నుంచి పాసైనవారు. పదేళ్లుగా మయూర్ విహార్‌లో ఉంటున్నా, డిగ్రీ గుంటూరులో చేసి ఉంటే మీరు మిగతా 15 శాతంలో పోటీపడాలి.

కాలేజీకి వెళ్లక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలంటున్నారు. చేరొచ్చా?

చేరకండి. ఢిల్లీ సరిహద్దు దాటగానే ఇలాంటి ‘నాన్ అటెండింగ్’ బీఈడీ బేరాలు కనిపిస్తాయి. ఏజెంటు కట్టే లెక్క తేలిగ్గానే ఉంటుంది: ఫీజుకు పైన ఇంకొంత, హాజరు సంగతి మేం చూసుకుంటాం అని. నిబంధన ప్రకారం రెండేళ్ల బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ ఇరవై వారాలు. పగలు ఉద్యోగం చేస్తూ రెగ్యులర్ బీఈడీ చేశానని రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో చెప్పలేరు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లోని తేదీలూ మార్కుల మెమో తేదీలూ పక్కపక్కనే ఉంటాయి, చూసేవాళ్లు చూస్తారు.

హాజరు నిజమే అయినా కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు కాపీ అడగండి. అందులో కాలేజీ పేరు, చిరునామా, కోర్సు, సీట్ల సంఖ్య ఉంటాయి. ఒక్కో అంశమూ సరిపోల్చండి. డీఈఎల్‌ఈడీకి గుర్తింపు తెచ్చుకుని అదే బోర్డు కింద బీఈడీ అడ్మిషన్లు తీసుకుంటుంటే ఆ బీఈడీకి విలువ లేదు. గుర్తింపు రద్దయ్యాక నడిపిన కోర్సు సర్టిఫికెట్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కొలువులకూ ఎయిడెడ్ స్కూళ్లకూ చెల్లదని ఎన్‌సీటీఈ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. గుర్తింపుతో పాటు యూనివర్సిటీ అనుబంధం కూడా ఉండాలి. ఒకటుంటే రెండోది ఉన్నట్టే అనుకోవద్దు.

మరి ఇగ్నో బీఈడీ?

అది మంచి కోర్సే గానీ అందరికీ కాదు. ఇప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నవారికీ, రెగ్యులర్‌గా ఏదైనా గుర్తింపు పొందిన టీచర్ కోర్సు చేసినవారికీ మాత్రమే. కొత్తగా డిగ్రీ పాసై నేరుగా దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో చేసిన బీఈడీ, టెట్ ఢిల్లీలో చెల్లుతాయా?

బీఈడీ చెల్లుతుంది. ఉస్మానియా అయినా ఆంధ్రా యూనివర్సిటీ అయినా, ఎన్‌సీటీఈ గుర్తింపున్న కోర్సు దేశమంతా ఒకటే. టెట్ మాత్రం చెల్లదు. ఢిల్లీకి సొంత టెట్ లేదు. ఢిల్లీ ప్రభుత్వం, కార్పొరేషన్ పోస్టులు నింపే డీఎస్‌ఎస్‌ఎస్‌బీ గానీ, కేంద్రీయ విద్యాలయాలు గానీ సీబీఎస్‌ఈ పెట్టే సీటెట్‌నే అడుగుతాయి.

సీటెట్‌లో తెలుగు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, తీసుకుంటే లాభం కూడా. పేపర్ వన్ ఒకటి నుంచి ఐదు తరగతులకు, పేపర్ టూ ఆరు నుంచి ఎనిమిదికి. ఒక్కోటి 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు రాస్తే మార్కులు కోయరు. పాసవ్వడానికి 60 శాతం రావాలి. రెండు భాషలు ఎంచుకోవాలి, ఒక్కో భాషకు 30 ప్రశ్నలు. ఇరవై భాషల జాబితాలో తెలుగు ఉంది. ఇంగ్లిష్ మొదటి భాషగా, తెలుగు రెండో భాషగా పెట్టుకుంటే హిందీ వ్యాకరణంతో కుస్తీ తప్పుతుంది. ఒక జాగ్రత్త: అసలు ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు ప్రశ్నలు వేరే బుక్‌లెట్‌లో వస్తాయి. హాల్లో ఇన్విజిలేటర్‌ను అడిగి తీసుకోవాలి. దరఖాస్తులో తెలుగు పెట్టి, హాల్లో అడగడం మరిచిపోతే ఎదురుగా ఉన్న హిందీ ప్రశ్నలు చూసి కంగారుపడతారు.

2021లో మార్చిన నిబంధన ప్రకారం సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఆ మార్పును 2011 నుంచి వర్తింపజేశారు కాబట్టి పాత సర్టిఫికెట్ బీరువాలో ఉంటే బయటికి తీయండి.

నోయిడా, గురుగ్రామ్‌లకూ ఇవే నిబంధనలా?

కాదు. మెట్రో ఒకటే అయినా రాష్ట్రాలు మూడు. హర్యానా ప్రభుత్వ పోస్టులకు హెచ్‌టెట్ కావాలి. అక్కడ పీజీటీకి కూడా మూడో లెవెల్ పరీక్ష ఉంది. ఉత్తరప్రదేశ్‌కు యూపీటెట్ ఉంది. ప్రైమరీ నియామకాల్లో సీటెట్‌నూ ఒప్పుకున్నారు. ఎక్కడైనా కేంద్రీయ, నవోదయ విద్యాలయాలకు సీటెట్టే.

హిందీ రాకపోతే ఇబ్బందా? కులధ్రువీకరణ పత్రం పనికొస్తుందా?

కార్పొరేషన్ ప్రైమరీ పోస్టులకు పదో తరగతిలో హిందీ సబ్జెక్టుగా పాసై ఉండాలని అడిగారు. మన ఎస్సెస్సీలో హిందీ రెండో భాషే కదా, మెమో చూపిస్తే సరిపోతుంది. తరగతి గదిలో మెమో పాఠం చెప్పదు, అది వేరే సంగతి.

ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు శుభవార్తే. సొంత రాష్ట్రపు సర్టిఫికెట్‌తో ఢిల్లీ సర్వీసుల్లో రిజర్వేషన్ పొందవచ్చని బీర్ సింగ్ కేసులో 2018 ఆగస్టు 30న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. బీసీలకు ఆ వెసులుబాటు లేదు. డీఎస్‌ఎస్‌ఎస్‌బీ ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చిన ఓబీసీ సర్టిఫికెట్ అడుగుతుంది. కేంద్రీయ విద్యాలయాలకైతే మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, తహసీల్దారు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం ఇవ్వాలి. బీసీ-ఏ, బీసీ-డి అని రాసిన మామూలు పత్రం చాలదు.

పేరు విషయంలో చిన్న హెచ్చరిక. మన మెమోల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, ఆధార్‌లో ఒక్కోసారి వెనక్కి పోతుంది, పెళ్లయ్యాక మారిపోతుంది కూడా. దరఖాస్తులన్నిటిలో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి.

ఢిల్లీలోని తెలుగు స్కూళ్లలో సడలింపు ఉంటుందా?

1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి జనక్‌పురి, ప్రసాద్ నగర్ లాంటి చోట్ల స్కూళ్లున్నాయి. తెలుగు రావడం అక్కడ కలిసొచ్చే విషయమే, అర్హతలకు బదులు మాత్రం కాదు.

టెట్ లేకుండా ఇప్పటికే పనిచేస్తున్నాను. నా సంగతి?

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకోసమే. ఎనిమిదో తరగతి వరకు చెబుతూ, రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి సమయం ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలంది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగొచ్చు గానీ ప్రమోషన్ ఉండదు. మైనారిటీ సంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతం ఇచ్చి, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చా?

ఢిల్లీలో అలా కుదరదు. 1973 ఢిల్లీ పాఠశాల విద్యా చట్టం పదో సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూల్లో జీతభత్యాలు ప్రభుత్వ స్కూల్లో అదే హోదాకు ఇచ్చేదానికి తగ్గకూడదు. అన్‌ఎయిడెడ్ మైనారిటీ స్కూళ్లకూ ఇది వర్తిస్తుందని 1986లో ఫ్రాంక్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఖాతాలో పూర్తి జీతం వేసి, కొంత నగదుగా వెనక్కి ఇమ్మనడం ఈ సెక్షన్‌ను తప్పించుకునే ఎత్తుగడ. అడిగితే ఆ మెసేజ్‌లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ దాచుకోండి. ఐదేళ్లు చేస్తే గ్రాట్యుటీ కూడా మీ హక్కే, టీచర్లకు అది వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూల్లో పెట్టమంటే పెట్టకండి. చూపించి, కాపీలు ఇచ్చి, వెనక్కి తీసుకోండి.

తీసేయాలంటే విద్యా డైరెక్టర్ ముందస్తు అనుమతి కావాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. 2016లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అనుమతి లేకుండా తీసేస్తే ఢిల్లీ స్కూల్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలి, గడువు మూడు నెలలు. ఈ చట్టం ఢిల్లీ హద్దుల్లోనే పనిచేస్తుంది. స్కూలు వసుంధరలోనో గురుగ్రామ్‌లోనో ఉంటే మీరు ఢిల్లీలో కాపురమున్నా ఇది మీకు వర్తించదు, ఆ రాష్ట్రపు నిబంధనలే చూసుకోవాలి.